అమెరికా పెద్ద కాలేజీలు పిల్లల్ని ఎలా ఏరుకుంటాయి: అప్లికేషన్ పెట్టేముందు కాలేజీని చదవడం ఎలా

మనలో చాలామంది ఎంసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో మన ర్యాంకు పిలిచేదాకా కూర్చుని, అప్పటికి మిగిలిన సీట్లలో ఒకటి తీసుకుని ఇంజనీర్లమైనవాళ్ళం. ఆ పద్ధతికి ఎన్ని వంకలున్నా ఒక సుఖం ఉంది, నా వెనక ర్యాంకువాడికి ఆ సీటు ఎలా వచ్చిందో ఎవరైనా కాగితం మీద చూపించగలరు. అదే బుర్ర పెట్టుకుని అమెరికాలో పిల్లల కాలేజీ అప్లికేషన్లకి దిగితే మాత్రం డిసెంబరు నుంచి మార్చి ఆఖరుదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఎస్ఏటీలో (ఇక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష, 1600కి) 1560 వచ్చిన పిల్లకి రాలేదు, పక్కవీధిలో 1480 వచ్చినవాడికి వచ్చింది, ఎవరికీ కారణం తెలీదు, పాట్‌లక్ పార్టీలో మాత్రం అందరి దగ్గరా ఒక థియరీ ఉంటుంది.

మా పెద్దమ్మాయి అప్పుడు నేనూ అలాగే దిగి బోర్లా పడ్డాను. రెండోవాడి టైముకి తెలిసొచ్చింది ఏమిటంటే, నేను సీటుని మా పిల్లకి రావాల్సిన ఫలితంలా చూస్తున్నాను, కాలేజీ ఏమో తనకి కావలసినవాటి జాబితా పెట్టుకుని ఖాళీలు నింపుకుంటోంది. ఆ జాబితాలో ఏముందో చాలావరకు బయట దొరుకుతుంది. దాన్ని ఎలా చదవాలో వరుసగా రాస్తున్నాను. మీ పిల్లలు తొమ్మిదిలోనో పదిలోనో ఉన్నా, హైదరాబాద్ నుంచి నేరుగా బ్యాచిలర్స్‌కి అప్లై చేస్తున్నా ఎక్కువభాగం పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఆ గదిలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

2024లో చేరే బ్యాచ్ కోసం హార్వర్డ్‌కి 54,008 మంది అప్లై చేస్తే 1,937 మందికి పిలుపు వచ్చింది. నూటికి నలుగురు కూడా కాదు. అప్లై చేసినవాళ్ళలో చదువులో వంక పెట్టలేనివాళ్ళే వేలల్లో ఉంటారు, కాబట్టి మార్కులు గుమ్మందాకా తీసుకెళ్తాయి, అక్కణ్ణించి వేరే లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క మనకి తెలియడానికి కారణం ఒక కోర్టు కేసు. ఆసియన్ పిల్లలకి అన్యాయం జరుగుతోందని 2014లో హార్వర్డ్ మీద వేసిన దావా 2018లో బోస్టన్‌లో విచారణకి వచ్చినప్పుడు లోపలి కాగితాలు చాలా బయటపడ్డాయి. ప్రపంచాన్నంతా 20 ప్రాంతాలుగా విడగొట్టి (డాకెట్ అంటారు), ఒక్కో ప్రాంతం ఫైళ్ళు ముందుగా ఆ ప్రాంతం చూసే అధికారి చదువుతాడు. చదువు, బయటి పనులు, ఆటలు, వ్యక్తిత్వం, వీటికి 1 నుంచి 6 దాకా మార్కులు వేస్తాడు, ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచిది. తర్వాత చిన్న కమిటీ, ఆ తర్వాత దాదాపు 40 మంది కూర్చునే పెద్ద కమిటీ, ఓటింగ్. చివర్లో సీట్లకంటే పేర్లు ఎక్కువైతే కొన్ని తీసేస్తారు. దాన్ని వాళ్ళు లాప్ అంటారు, అంటే కొమ్మలు నరకడం.

ఇందులో నాలుగు గుంపుల దారి వేరు: కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్ళు, పూర్వ విద్యార్థుల పిల్లలు (లెగసీ), పెద్ద దాతల పిల్లల్లాంటివాళ్ళు ఉండే డీన్ గారి ప్రత్యేక జాబితా, అక్కడ పనిచేసే ప్రొఫెసర్లు, సిబ్బంది పిల్లలు. కేసులో వచ్చిన అంకెల ప్రకారం లెగసీ పిల్లల్లో దాదాపు మూడోవంతుకి సీటు దొరికింది, సీటొచ్చిన తెల్లజాతి పిల్లల్లో 43 శాతానికి పైగా ఈ నాలుగు గుంపుల్లో ఏదో ఒకదానివాళ్ళే. అంటే బయటికి కనిపించే శాతం మనలాంటివాళ్ళకి వర్తించే శాతం కాదు, మనది ఇంకా తక్కువ.

మనకి బాగా గుచ్చుకునే సంగతి ఇంకోటి ఉంది. చదువులో పై వరసలో ఉన్న ఆసియన్ పిల్లలకి ఆ వ్యక్తిత్వం మార్కు సగటున తక్కువ పడిందని అదే కేసులో తేలింది. కింది కోర్టు అది కావాలని చేసిన వివక్ష కాదంది, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు మాత్రం అసలు జాతిని లెక్కలోకి తీసుకోవడమే ఆపించింది. ఇక మనవాళ్ళకి గేట్లు తెరుచుకుంటాయని ఆ ఏడాది ప్రతి దీపావళి పార్టీలోనూ విన్నాను. తర్వాతి బ్యాచ్‌లో ఎంఐటీలో ఆసియన్ అమెరికన్ల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది, యేల్‌లో 30 నుంచి 24కి తగ్గింది. మీ థియరీ ఏదైనా ఈ రెండిట్లో ఒకటి దాన్ని కాదంటుంది.

పెళ్ళి భోజనం ఊహించుకోండి. గుత్తివంకాయ ఎంత బాగా కుదిరినా నాలుగు రకాల గుత్తివంకాయలే వడ్డించరు కదా, పప్పు కావాలి, పులుసు కావాలి, అప్పడం కూడా ఒకటి ఉండాలి. బ్యాండులో ఓబో వాయించేవాడు ఈ ఏడాది గ్రాడ్యుయేట్ అయిపోతున్నాడు, గ్రీకు, లాటిన్ చెప్పే క్లాసిక్స్ డిపార్ట్‌మెంట్‌కి పిల్లలు చాలట్లేదు, మోంటానా నుంచి పోయినేడు ఎవరూ రాలేదు, ఇవన్నీ వాళ్ళ కొరతలు. కంప్యూటర్ సైన్స్ కావాలనే భారతీయ కుర్రాడి కొరత మాత్రం వాళ్ళకి ఎప్పుడూ లేదు.

రెండో మెట్టు: కామన్ డేటా సెట్ తెరవండి

ఒక్క మెట్టే చేసే ఓపిక ఉందంటే ఇదొక్కటి చేయండి. చాలా కాలేజీలు ప్రతి ఏడాదీ ఒకే నమూనాలో తమ అంకెల్ని బయట పెడతాయి, దాని పేరు కామన్ డేటా సెట్. కాలేజీ పేరు పక్కన ఈ మూడు మాటలూ కొట్టి వెతికితే దొరుకుతుంది. పెట్టాలన్న చట్టమేమీ లేదు, పెట్టని కాలేజీలూ ఉన్నాయి, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఒక్క నిమిషం ఆలోచించండి.

మొత్తం చదవక్కర్లేదు. సీ అనే విభాగంలో సీ1లో ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని పిలిచారు, ఎంతమంది చేరారు అని అబ్బాయిలకీ అమ్మాయిలకీ విడివిడిగా ఉంటుంది. ఇంజనీరింగ్ వైపు మొగ్గిన కాలేజీల్లో ఈ రెండు శాతాల మధ్య తేడా చూస్తే మీకే ఒక సంగతి తెలుస్తుంది. సీ2లో వెయిట్‌లిస్ట్ ఉంటుంది, ఎంతమందిని అందులో పెట్టారు, చివరికి ఎంతమందికి సీటిచ్చారు అని. వేలమందిని పెట్టి పదుల్లో తీసుకున్న ఏళ్ళు చూస్తే ఇక ఆ లిస్ట్ మీద ఆశ పెట్టుకోరు.

సీ7 అసలైన పేజీ. మార్కులు, క్లాసులు ఎంత కష్టమైనవి తీసుకున్నారు, ఎస్సే, సిఫార్సు ఉత్తరాలు, లెగసీ, ఏ రాష్ట్రం, మా మీద ఆసక్తి చూపించారా, ఇలా ఒక్కోదాని పక్కనా చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అని టిక్కులు ఉంటాయి. ఎంఐటీ పేజీ చూడండి, లెగసీ దగ్గర చూడం అని ఉంటుంది, చాలా ముఖ్యం అనే గడిలో పడింది వ్యక్తిత్వం ఒక్కటే. సీ9లో చేరినవాళ్ళ ఎస్ఏటీ స్కోర్లుంటాయి. అయితే స్కోరు ఇవ్వకపోయినా సరే అనే కాలేజీల్లో మంచి స్కోరున్నవాళ్ళే పంపుతారు కాబట్టి అక్కడి అంకె కాస్త ఉబ్బి కనిపిస్తుంది. ఎంఐటీ 2022లోనూ, డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ 2024లోనూ స్కోరు తప్పనిసరి అని మళ్ళీ ప్రకటించాయి.

ఇక సీ21, ఎర్లీ డెసిషన్, అంటే సీటొస్తే తప్పక చేరతామని మాటిచ్చి ముందుగా పెట్టే అప్లికేషన్. దీనితో ఒక చిన్న లెక్క చేయాలి. ఉత్తుత్తి అంకెలతో చూపిస్తాను. ఒక కాలేజీకి 40,000 మంది అప్లై చేశారు, 2,800 మందిని పిలిచారు, 7 శాతం. సీ21లో ఎర్లీలో 6,000 మంది అప్లై చేస్తే 1,000 మందిని తీసుకున్నారని ఉంది, ఇది దాదాపు 17 శాతం. మొదటి అంకెల్లోంచి రెండోవి తీసేయండి, మామూలు గడువుకి పెట్టే రెగ్యులర్‌లో 34,000 మందికి 1,800 పిలుపులు, అంటే 5.3 శాతం. క్లాసులో మొత్తం సీట్లు 1,700 అయితే సగానికి పైగా డిసెంబరులోనే అయిపోయాయన్నమాట! కానీ ఆ 17 చూసి ఎగిరి గంతెయ్యకండి, ఎర్లీ గుంపులోనే ఆటగాళ్ళూ లెగసీ పిల్లలూ ఎక్కువగా ఉంటారు, వాళ్ళని తీసేస్తే మన వాటా ఎంతో ఆ పేజీ చెప్పదు.

నేనైతే మూడేళ్ళ ఫైళ్ళు దించుకుని ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. ఒక శనివారం సాయంత్రం పని, కన్సల్టెంట్‌కి కట్టే డబ్బుతో పోలిస్తే ఊరికే వచ్చినట్టే.

మూడో మెట్టు: ఆ పోస్ట్‌కార్డులు ఎందుకొస్తున్నాయో అర్థం చేసుకోండి

పిల్ల పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు రాసే నమూనా పరీక్ష) రాసిన కొన్ని వారాలకి ఇంటికి పెద్ద పెద్ద కాలేజీల నుంచి రంగురంగుల కార్డులు మొదలవుతాయి. మా ఇంట్లో వాటిని ఫ్రిజ్ మీద అతికించాం, మా అమ్మగారు ఇండియాకి ఫోన్ చేసి మనవరాలిని ఫలానా కాలేజీవాళ్ళు పిలిచారని కూడా చెప్పేసింది. అసలు సంగతి, పరీక్ష రాసిన పిల్లల పేర్లు ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ దగ్గర కాలేజీలు కొనుక్కుంటాయి, 2019లో ఒక్కో పేరు 47 సెంట్లు. అప్లై చేసేవాళ్ళు పెరిగి సీట్లు అంతే ఉంటే ఎంపిక శాతం పడిపోతుంది, శాతం తక్కువైతే కాలేజీ గొప్పదని మనమే అనుకుంటాం.

యూనివర్సిటీ ఆఫ్ షికాగో దీనికి మంచి ఉదాహరణ. 2000ల మధ్యలో అక్కడ నూటికి దాదాపు 40 మందికి సీటు వచ్చేది, చదువు అప్పుడూ గొప్పదే. తన సొంత అప్లికేషన్‌ని పక్కన పెట్టి, చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో చేరింది, ఉత్తరాలు గుప్పించింది, 2016లో ఎర్లీ డెసిషన్ తెచ్చింది, 2018లో స్కోరు ఐచ్ఛికం చేసింది. ఇప్పుడు నూటికి అయిదుగురు కూడా లోపలికి వెళ్ళట్లేదు.

నార్త్‌ఈస్టర్న్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1996లో, కాలేజీలకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ జాబితాలో దాని స్థానం 162. ఆ ఏడాది వచ్చిన ప్రెసిడెంట్ రిచర్డ్ ఫ్రీలాండ్ మొదటి వందలోకి తేవాలని పట్టుపట్టి, ర్యాంకు లెక్కగట్టే సూత్రాన్ని ఒక్కో అంశం విప్పి చూశాడు. 20 మందికి తక్కువున్న క్లాసులకి మార్కులున్నాయని తెలిసి చాలా క్లాసుల్ని 19 దగ్గర ఆపారు. ఆయన దిగిపోయిన 2006లో స్థానం 98. మన దగ్గర కార్పొరేట్ కాలేజీలు టీవీలో ఒకటీ ఒకటీ రెండూ రెండూ అని అరవడం చూసి పెరిగినవాళ్ళకి ఇదేం కొత్తగా ఉండదు.

కొలంబియాలో వ్యవహారం రట్టయింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి మ్యాథ్స్ ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ తన సొంత యూనివర్సిటీ ఇచ్చిన అంకెలు పొంతన కుదరట్లేదని విడమరిచి రాశాడు. అప్పటికి స్థానం 2. చిన్న క్లాసులు 82.5 శాతం అని చెప్పుకున్నది సరిచూస్తే 57 దగ్గర తేలింది, ఆ సెప్టెంబరులో స్థానం 18కి జారింది, మరుసటి ఏడాది కొలంబియా ఆ జాబితాకే దణ్ణం పెట్టేసింది. ఈ మధ్యలో అక్కడి చదువులో మారిందేమీ లేదు!

కాబట్టి ర్యాంకు ఎలా వాడాలంటే: 10కీ 25కీ తేడాని పట్టించుకోకండి. యూఎస్ న్యూస్ మార్కుల్లో 20 శాతం కేవలం వేరే కాలేజీల ప్రెసిడెంట్లు, డీన్లు ఈ కాలేజీ గురించి ఏమనుకుంటున్నారన్నదే. ఎంపిక శాతాన్ని సూత్రంలోంచి 2018లోనే తీసేశారు, అయినా కాలేజీలు దాన్ని వదలవు, ఎందుకంటే దాతలు చూస్తారు, కాలేజీ అప్పులకి రేటింగ్ ఇచ్చే మూడీస్‌లాంటి సంస్థలు చూస్తాయి, మనమూ చూస్తాం.

నాలుగో మెట్టు: పిలిస్తే వస్తారా అన్న వాళ్ళ భయాన్ని లెక్కలోకి తీసుకోండి

పిలిచినవాళ్ళలో ఎంతమంది చేరారన్నదాన్ని యీల్డ్ అంటారు. హార్వర్డ్‌కి ఇది 80 శాతం పైన. దాని కింది వరసల్లో ఉన్న కాలేజీలకి ఇది రోజూ గుండెదడే, ఎక్కువమంది వస్తే హాస్టల్లో మంచాలు చాలవు, తక్కువమంది వస్తే ఫీజులకి గండి. మన సంబంధాల భాషలో చెప్పాలంటే, అటువాళ్ళు ఇంకా పెద్ద సంబంధం చూస్తున్నారని అనుమానం వస్తే మధ్యవర్తి కబురే పంపడు.

పెద్దమ్మాయి విషయంలో నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఒక మధ్య వరస కాలేజీని ఇది ఖాయం అని రాసుకున్నాను, స్కోరు వాళ్ళ సగటుకంటే చాలా పైన ఉంది. ఒక్కసారి వెళ్ళి చూడలేదు, వాళ్ళ ఆన్‌లైన్ సమావేశానికి కూర్చోలేదు, మా కాలేజీయే ఎందుకు అన్న చిన్న ఎస్సేలో వేరే కాలేజీకి రాసిన పేరాలో పేరు మార్చి పెట్టాం. వెయిట్‌లిస్ట్ అన్నారు. తర్వాత సీ7 చూస్తే ఆసక్తి చూపించడం అన్న గడిలో ముఖ్యం అని టిక్కు ఉంది.

చేయాల్సిన పని చిన్నదే. ఆ గడిలో చూడం అని ఉంటే ఆ కాలేజీ దగ్గర ఈ శ్రమ పడకండి. చూస్తాం అనో ముఖ్యం అనో ఉంటే పిల్ల పేరుతోనే వాళ్ళ మెయిళ్ళకి నమోదు చేయించండి, వచ్చినవి తెరవాలి, లింకు నొక్కాలి, ఎందుకంటే కాలేజీలు వాడే స్లేట్‌లాంటి సాఫ్ట్‌వేర్లు ఎవరు తెరిచారో కూడా రాసుకోగలవు. ఇదంతా నాన్న తన మెయిల్ నుంచి చేస్తే పనికిరాదు.

ఎర్లీ డెసిషన్ అంటే వస్తే చేరతామని పిల్ల, మనం, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టడం. కాలేజీకి నూటికి నూరు శాతం యీల్డ్, అందుకే వాళ్ళకి అంత ముద్దు. నవంబరు 1కో 15కో మొదటిది, చాలాచోట్ల జనవరిలో రెండోది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లో ముందుగా పెట్టినా కట్టుబాటు ఉండదు, కానీ అదే సమయంలో ఇతర ప్రైవేట్ కాలేజీలకి ఎర్లీ పెట్టకూడదు. ఎర్లీ డెసిషన్‌లో ఆర్థికసాయం చాలకపోతే వదులుకోవచ్చు గానీ, నాలుగు ఆఫర్లు పక్కన పెట్టుకుని బేరం ఆడే అవకాశం పోతుంది. ఆ అవకాశం మీకు ముఖ్యమైతే ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్ళకండి.

ఐదో మెట్టు: డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

ఎంపిక చేసేటప్పుడు మీరు ఫీజు కట్టగలరా లేదా చూడని కాలేజీల్ని నీడ్ బ్లైండ్ అంటారు. ఇక్కడ మనవాళ్ళు పప్పులో కాలేసే చోటు ఒకటుంది: చాలా కాలేజీల్లో ఈ మాట పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. మీ పాప రెండో క్లాసు నుంచి ఇక్కడే చదివినా, హెచ్-4 వీసా (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే చాలా ప్రైవేట్ కాలేజీలు అంతర్జాతీయ విద్యార్థి గుంపులోనే వేస్తాయి, ప్రభుత్వ సాయానికి పెట్టే ఫాఫ్సాకీ అర్హత ఉండదు, 21 నిండితే విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని మాత్రం విదేశీ పిల్లలకి కూడా నీడ్ బ్లైండే. హైదరాబాద్ నుంచి అప్లై చేసేవాళ్ళు ఈ పేర్లు రాసుకోండి, మిగిలినవాటికి డేటా సెట్‌లో హెచ్6 చూస్తే విదేశీ పిల్లలకి ఎంతమందికి ఎంత ఇచ్చారో ఉంటుంది.

పేరు కోసం పోటీలో డబ్బు ఎటు పారుతుందో కూడా గమనించండి. ఐవీ కాలేజీలు (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత ప్రైవేట్ యూనివర్సిటీలు) మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు, ఇవ్వాల్సిన అవసరం వాటికి లేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. వాటికి రెండు మెట్లు కిందున్న కాలేజీలు మంచి స్కోరున్న పిల్లల్ని లాక్కోవడానికి మెరిట్ డబ్బు ఇస్తాయి, మీ ఆదాయం ఎంతున్నా సరే. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్ళకి అసలు తగ్గింపు దొరికేది సాధారణంగా ఇక్కడే, డేటా సెట్‌లో హెచ్2ఏ చూడండి. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, అది ఈ దేశపు కుటుంబాల కోసం తయారుచేసింది, పదో క్లాసులోనే ఒకసారి నొక్కి చూడండి.

ఆరో మెట్టు: ప్రభుత్వ యూనివర్సిటీకి వేరే రూల్ పుస్తకం

టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి అదే చెబుతాను. ఇక్కడ 1997 చట్టం ప్రకారం స్కూల్లో పై వరసలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. యూటీ ఆస్టిన్‌కి అది 2026లో చేరే బ్యాచ్ నుంచి పై 5 శాతం, అంతకుముందు 6. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ప్లేనోలో మంచి స్కూలని వెతికి వెతికి ఇల్లు కొంటాం, మనలాంటివాళ్ళే వందమంది అదే స్కూల్ చుట్టూ కొని ఉంటారు, పిల్ల అన్నిట్లోనూ ‘ఏ’ గ్రేడులే తెచ్చుకున్నా 9 శాతం దగ్గర ఆగిపోతుంది. పైగా 5 శాతంలో ఉన్నా సీటు యూనివర్సిటీలోనే ఖాయం, కంప్యూటర్ సైన్స్‌లో కాదు, దానికి మళ్ళీ ఫైలు చదువుతారు. వాషింగ్టన్, ఇల్లినాయ్ రాష్ట్ర యూనివర్సిటీల్లో కూడా కంప్యూటర్ సైన్స్ గేటు విడిగా ఉంటుంది, లోపలికెళ్ళి మారదామంటే చాలా కష్టం.

కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీలు ఎస్ఏటీ చూడవు, ఎర్లీ లేదు, లెగసీ లేదు, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 మాటల లోపు జవాబులు రాయాలి. ఎస్ఏటీ కోచింగ్ డబ్బులు అక్కడ గంగలో పోసినట్టే.

ఏడో మెట్టు: ఫైలు ఎంత చిన్నదో చూసి దానికి తగ్గట్టు నింపండి

కామన్ యాప్‌లో పనులకి 10 వరుసలు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు, పెద్ద ఎస్సే 650 మాటలు. చదివేవాళ్ళకి ఒక్కో ఫైలు మీద నిమిషాలే ఉంటాయి. స్కూల్ పంపే ప్రొఫైల్ పేజీ పక్కన పెట్టుకుని చదువుతారు, ఆ స్కూల్లో ఎన్ని ఏపీలు (కాలేజీ స్థాయి కష్టమైన క్లాసులు) ఉన్నాయి, ఈ పిల్ల ఎన్ని తీసుకుంది అని. కాబట్టి మీ పిల్లని పోల్చేది ముందు తన క్లాసువాళ్ళతోనే.

మన పిల్లల ఫైళ్ళు ఒకేలా ఉంటాయి, ఒప్పుకుందాం. కూచిపూడి అరంగేట్రం, రోబోటిక్స్, డిబేట్, పదకొండులో హడావిడిగా పెట్టిన నాన్‌ప్రాఫిట్, నాన్నగారి స్నేహితుడి కంపెనీలో ఇంటర్న్‌షిప్. కూచిపూడి మానెయ్యమనట్లేదు, మా అమ్మాయీ పదేళ్ళు చేసింది. కానీ 150 అక్షరాల్లో ఎన్నేళ్ళు నేర్చుకుందో రాసే బదులు, ఆదివారాలు గుడిలో పదహారుమంది చిన్నపిల్లలకి అడుగులు నేర్పుతోందని రాస్తే చదివేవాడికి ఒక మనిషి కనిపిస్తుంది. ఎస్సే మీరు దిద్దకండి. నలభై అయిదేళ్ళ ప్రాజెక్ట్ మేనేజర్ వాసన పదో వాక్యానికల్లా తెలిసిపోతుంది.

జాబితా పన్నెండు కాలేజీలు దాటనివ్వకండి. అందులో రెండు, సీటూ ఖాయం ఫీజూ కట్టగలం అనేవి అయ్యుండాలి, పిల్లకి అక్కడికి వెళ్ళడం నిజంగా ఇష్టమై ఉండాలి.

ఎనిమిదో మెట్టు: మార్చి తర్వాత

ఫలితాలు మార్చి ఆఖరికి వస్తాయి, మే 1లోపు ఒకచోట డిపాజిట్ కట్టాలి. ఆ నాలుగు వారాల్లో చదవడానికి ఒక సంగతి: రాజ్ చెట్టీ, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2023లో 12 పెద్ద ప్రైవేట్ కాలేజీల మీద చేసిన పరిశోధనలో, అదే స్కోరున్న మధ్యతరగతి పిల్లలకంటే పై 1 శాతం ఆదాయపు ఇళ్ళ పిల్లలకి సీటొచ్చే అవకాశం రెట్టింపుకి పైగా ఉందని తేలింది. అక్కడ చదవడంవల్ల, మంచి ప్రభుత్వ యూనివర్సిటీలో చదివినదానితో పోలిస్తే, సగటు జీతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మరీ పై 1 శాతం సంపాదనలోకి వెళ్ళే అవకాశంలో మాత్రం వచ్చింది. రెండు లక్షల డాలర్ల తేడా ఉన్న రెండు ఆఫర్లు టేబుల్ మీద ఉంటే ఈ ముక్క పిల్లతో కలిసి చదవండి.

వెయిట్‌లిస్ట్‌లో ఉంటే, ఉంటామని ఆన్‌లైన్‌లో ఒప్పుకుని, జనవరి తర్వాత జరిగినవాటితో ఒక పేజీ ఉత్తరం పిల్ల చేత రాయించి పంపండి, ఒక్కటి చాలు. ఈలోగా మరోచోట డిపాజిట్ మాత్రం కట్టేయండి. మే, జూన్‌లో ఎప్పుడైనా ఫోన్ రావచ్చు, వస్తే ఒకటి రెండు రోజుల్లో చెప్పమంటారు, వెయిట్‌లిస్ట్‌లోంచి తీసుకునేటప్పటికి సాయం డబ్బు కొన్నిచోట్ల అయిపోయి ఉంటుంది, మీరు ముందు కట్టిన డిపాజిట్ తిరిగి రాదు. అందుకని ఆ ఫోన్ వస్తే ఎంతదాకా కట్టగలమో, వెళ్తామో వెళ్ళమో ఏప్రిల్లోనే ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.